సర్వీసుకు ఇచ్చిన బ్యాటరీ వేరు, తిరిగొచ్చిన బ్యాటరీ వేరు

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

విషయం: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ సామర్థ్యం పడిపోవడం, దానిపై మీ వాళ్లు రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోవడం.

నమస్కారం.

2023లో మీ డీలరు దగ్గర 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాను. రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు జతచేసిన సర్వీసు బిల్లు మీద ఉన్నాయి. మామూలు సర్వీసుకని పొద్దున ఇచ్చిన కారు సాయంత్రానికి తిరిగొచ్చింది. బిల్లులో ఏసీ ఫిల్టరు, బ్రేక్ క్లీనింగ్, వీల్ అలైన్‌మెంట్‌తో పాటు అట్టడుగున ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ - ఉచితం’ అని ఒక లైను ఉంది. ఆ ఉచితం నాకెంత ఖరీదైందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ఆడిటర్ ఆఫీసులో పద్దులు చూసుకుని బతికినవాణ్ణి. ఇంట్లో చార్జర్‌కు విడిగా మీటరు పెట్టించి, చార్జింగ్ పెట్టినప్పుడల్లా రీడింగు పుస్తకంలో రాసుకుంటాను. మా ఆవిడ దాన్ని చాదస్తం అంటుంది. ఆ చాదస్తమే ఇప్పుడు సాక్ష్యంగా పనికొచ్చింది.

సర్వీసుకు ముందు బ్యాటరీ 10 శాతం నుంచి 100కు రావడానికి మీటరు మీద 38, 39 యూనిట్లు తిరిగేది. చార్జింగులో పదో వంతు దాకా వేడిగా పోతుంది కాబట్టి లోపలికి సుమారు 35 చేరేది, 40లో 90 శాతం అంటే 36 చేరాలి. కారు కొత్తది కాదు గనక ఆ కొంచెం తరుగు సహజమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. సర్వీసు నుంచి వచ్చాక అదే 10 నుంచి 100కు మీటరు మీద 32 యూనిట్లకే ‘ఫుల్’ అంటోంది. కొన్నప్పటి నుంచి తరగనంత తరుగు ఒక్క పూటలో, మీ వర్క్‌షాప్‌లో తరిగింది.

రోడ్డు మీద దీని అర్థం ఏమిటంటే, ఖమ్మం నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. ఇదివరకు ఎక్కడా ఆగకుండా వెళ్తే మూడో వంతు చార్జి మిగిలేది. ఇప్పుడు ఊళ్లోకి చేరేసరికి 20 శాతం హెచ్చరిక మొదలవుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెన్షన్. అందుకని నార్కట్‌పల్లి దగ్గరే చార్జర్ కోసం ఆగుతున్నాం. అక్కడ ముందు ఒక కారు ఉంటే అది అయ్యేదాకా కూర్చోవాలి. ఎండలో ఏసీ ఆపేద్దామా అని మా ఆవిడ అడిగే పరిస్థితి వచ్చింది.

మీ సర్వీస్ అడ్వైజర్ మొదట చెప్పిన కారణం ‘మీ డ్రైవింగ్ స్టైల్ సార్’. నేనెలా నడుపుతానో ఇంటి మీటరుకు తెలియదు. ఎక్స్‌ప్రెస్ రైలులా నడిపినా, ఎడ్లబండిలా నడిపినా 10 నుంచి 100కు పట్టే కరెంటు మారదు. బ్రోషర్‌లో వేసిన రేంజ్ రావడం లేదని నేను అనడమే లేదు. అది ల్యాబ్‌లో రోలర్ల మీద, 90 దాటని వేగంతో నడిపి తీసిన అంకె అని తెలిసే కొన్నాను.

తర్వాత క్యాలిబ్రేషన్, అంటే చార్జి కొలత సరిచేయడం అన్నారు. ఇది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, అప్పుడప్పుడూ స్లో చార్జర్‌తో 100 దాకా పెడితే సర్దుకుంటుందన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఈ రకం సెల్‌లో చార్జి సగానికి పైగా దిగినా వోల్టేజీ 3.2 వోల్టుల చుట్టూనే తచ్చాడుతుంది. అందుకే ఎంత మిగిలిందో బ్యాటరీ లెక్క చూసే బీఎంఎస్‌కు (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) సరిగ్గా అంతుబట్టదు, ఫుల్ చేసినప్పుడే దాని లెక్క సరిపడుతుంది. చెప్పినట్టే చేశాను. మీ వర్క్‌షాప్ వాళ్లూ రాత్రి కారు ఉంచుకుని చేశారు. అయినా 32 దగ్గరే ఆగుతోంది. కొలతలో తప్పుంటే ఓసారి 32, ఓసారి 37 అని ఊగాలి. ప్రతిసారీ గీత గీసినట్టు ఒకే చోట ఆగుతోందంటే, ఎవరో గీత గీశారనే అనుకోవాలి.

నా అనుమానం ఇదీ. బ్యాటరీలో పైనా కిందా కొంత భాగం వాడకానికి ఇవ్వకుండా పక్కన పెడతారు. అది ఎంతో నిర్ణయించేది సాఫ్ట్‌వేరే. అప్‌డేట్‌లో ఆ భాగం పెంచారా? పెంచితే ఎందుకు? వారంటీ కాలంలో సెల్స్ అరిగిపోకుండా కాపాడుకోవడానికా, లేక ఏదైనా సెల్ బ్యాచ్‌లో లోపం బయటపడిందా? రెండోదైతే అది నా ఇంటి పార్కింగులో, మా మనవలు ఆడుకునే చోట ఉన్న ప్రమాదం. ఇది నేను ఊహించుకున్న భయం కాదు. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాకే ప్రభుత్వం బ్యాటరీ భద్రతా ప్రమాణాలు కఠినం చేసింది, కార్లకు వర్తించే ఏఐఎస్-038తో సహా.

అమెరికాలో జనరల్ మోటార్స్‌కు ఇలాంటి సమస్యే వచ్చింది. 2020 నవంబరులో బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కార్లను రీకాల్ చేసి, మంటల ప్రమాదం ఉందని బయటకు చెప్పి, సాఫ్ట్‌వేర్‌తో చార్జింగును 90 శాతానికి పరిమితం చేసింది. మరుసటి ఏడాది రీకాల్‌ను అన్ని బోల్ట్ కార్లకూ విస్తరించి, లోపమున్న బ్యాటరీ మాడ్యూళ్లు మార్చేందుకు సిద్ధపడింది. అక్కడే టెస్లా 2019లో ఒక అప్‌డేట్‌తో కొన్ని మోడల్ ఎస్ కార్ల బ్యాటరీ వోల్టేజీ తగ్గించింది. యజమానులు కోర్టుకెక్కితే 2021లో 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, 1,743 కార్లకు తలా 625 డాలర్లు. మొదటి కంపెనీ ముందే చెప్పింది, రెండోదాన్ని కోర్టుకు లాగితేగానీ తేలలేదు. మీరు ఏ దారిలో ఉన్నారో నాకింకా అర్థం కావడం లేదు.

వారంటీ సంగతి అడిగితే ‘70 శాతం కన్నా తగ్గితేనే క్లెయిమ్’ అన్నారు. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల కాలంలో బ్యాటరీ తనంతట తాను అరిగితే ఆ షరతు వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. మీరు చేత్తో తగ్గించినదాన్ని కూడా అరుగుదల ఖాతాలో రాస్తామంటే ఏ పద్దులోనూ చెల్లదు. పైగా బ్యాటరీ హెల్త్ రిపోర్టు అడిగితే ‘అది కంపెనీ ఇంటర్నల్’ అన్నారు. నేను డబ్బు కట్టి కొన్న వస్తువు ఆరోగ్యం నాకే రహస్యమా? ఐక్యరాజ్యసమితి వేదిక మీద 2022లో కుదిరిన జీటీఆర్ 22 నిబంధనల్లో బ్యాటరీ 5 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 శాతం నిలవాలని ఉంది. ఎంత నిలిచిందో యజమానికి కారులోనే కనిపించాలని కూడా ఉంది. అది ఇక్కడి చట్టమని వాదించను. కానీ చూపించడం సాధ్యమేనని దాన్ని బట్టి తెలుస్తోంది కదా.

కారు కొనేటప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా అబ్బాయి హైబ్రిడ్ తీసుకోమన్నాడు, కానీ పెద్ద హైబ్రిడ్ల మీద అప్పట్లో జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం పడేది, ఎలక్ట్రిక్ మీద 5 శాతమే. సీఎన్‌జీ అంటే బంకు దగ్గర క్యూ, డిక్కీలో సిలిండరు. మా బావమరిది అయితే హైడ్రోజన్ కారు వచ్చేదాకా ఆగమన్నాడు, 2022లో గడ్కరీ గారు టొయోటా మిరాయ్‌లో పార్లమెంటుకు వెళ్లడం టీవీలో చూసి. అతను ఇంకా ఆగే ఉన్నాడు. ఎలక్ట్రికే మేలని అందరినీ ఒప్పించింది నేను. మోటారు మీద ఇప్పటికీ నాకు నమ్మకమే. పెట్రోలు మంటలో చాలా భాగం వేడిగానే పోతుంది, ఈ మోటారు తీసుకున్న కరెంటులో తొంభై పాళ్ల దాకా పనికి మారుస్తుంది. నమ్మకం పోయింది అప్‌డేట్లు వేసే మీ ల్యాప్‌టాప్ మీద. పెట్రోలు కారు సర్వీసుకిస్తే ట్యాంకు చిన్నదై తిరిగిరాదు.

నేను కోరేది: ఆ రోజు ఏ వెర్షన్ తీసి ఏ వెర్షన్ వేశారో, బ్యాటరీ పరిమితుల్లో ఏమేం మార్చారో మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. సెల్ వారీ వోల్టేజీలతో హెల్త్ రిపోర్టు ఇవ్వండి. భద్రతా లోపం లేకపోతే పాత సామర్థ్యం తిరిగి తెరవండి. ఉంటే ఖర్చు మీదే వేసుకుని బ్యాటరీ మార్చండి, అదే బ్యాచ్ ఉన్న మిగతా యజమానులకూ తెలియజేయండి. లోపం దాచినట్టు తేలితే మోటారు వాహనాల చట్టం 110ఎ సెక్షన్ కింద రీకాల్ కోసం కేంద్ర రవాణా శాఖకు రాస్తాను. ఇకపై నా అనుమతి లేకుండా, ఏం మారుతుందో చెప్పకుండా నా కారుకు ఏ అప్‌డేటూ వేయవద్దు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేయవచ్చు, మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. దయచేసి ఫోన్ చేయించవద్దు. ఇప్పటిదాకా ఫోన్లో చెప్పిన ప్రతి కారణమూ తర్వాతి ఫోన్‌కు మారిపోయింది. జవాబు కాగితం మీదే ఇవ్వండి.

ఇట్లు,
మీ కారు యజమాని,
ఖమ్మం.

జతపరచినవి: సర్వీసు బిల్లు నకలు, చార్జర్ మీటరు రీడింగుల పుస్తకం నకలు, వారంటీ కార్డు నకలు.