నిన్న రాత్రి బ్యాకప్ గొడవ గురించి

అందరికీ నమస్కారం. రాత్రి మన గ్రూపులో నడిచిన చర్చ పొద్దున లేచి చదివాను, బాధేసింది. కావలి నుంచి ఈమధ్యే చేరిన చెల్లెలు, "డేటా ఉన్న డిస్క్‌లోనే బ్యాకప్ పెడితే, అది పోయిన రోజు రెండూ పోతాయి కదన్నా" అని రాసింది. అక్షరాలా నిజం. దానికి వచ్చిన జవాబు తొమ్మిది నవ్వు బొమ్మలు, "ముందు ఉద్యోగం తెచ్చుకో" అని ఒక మాట. కాసేపటికి ఆమె మెసేజ్ డిలీట్ చేసేసింది.

వాదన ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెప్తాను. 1992 జనవరిలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ టానెన్‌బామ్, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డిజైన్ కాలం చెల్లిందని అందరి ముందే రాశారు. లినక్స్‌ని మొదలుపెట్టిన 22 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ ఘాటుగానే బదులిచ్చాడు. మాట తూలినందుకు వెంటనే క్షమాపణ చెప్పాడు, వాదన మాత్రం వదల్లేదు. ఆ వాదన ఈరోజు చదివినా కెర్నెల్ గురించి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం గురించి, ఎంతో తెలుస్తుంది.

తప్పనిపిస్తే ఎందుకు తప్పో రాయండి, ఎర్రర్ స్క్రీన్‌షాట్ పెట్టండి, ఎంత గట్టిగానైనా వాదించండి. మనిషి ఊరు, యాస, ఉద్యోగం జోలికి మాత్రం పోవద్దు. నాకు నచ్చని అభిప్రాయాన్ని నేనూ డిలీట్ చేయను.

ఆ చెల్లెలికి ఫోన్ చేశాను. ఆదివారం మాగుంట లేఅవుట్‌లో కలిసినప్పుడు వేరే డిస్క్‌కి బ్యాకప్ తీయడం ఆమే చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోండి.