పాత మెష్ డబ్బాలను గుజిరీకి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త ఫోన్లు, కొత్త రౌటర్ల గురించి పేపర్లలో బాగానే రాస్తున్నారు, కానీ ఇంట్లో మూలన పడి ఉన్న పాతదాన్ని ఏం చేసుకోవాలో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మాది కడపలో ఎర్రముక్కపల్లె. ఇంటి ముందు సగం మా తాత కట్టించింది, రెండడుగుల మందం రాతి గోడలు. వెనక వంటిల్లు, పైన మిద్దె మేము తర్వాత వేసుకున్నవి. మే నెలలో కూడా ముందు గదిలో ఫ్యాన్ లేకుండా పడుకోవచ్చు, అంత చల్లన. వైఫైకి మాత్రం ఆ గోడలే యముడు. హాల్లో ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి, వంటింట్లోకి పోతే ఒకటి, మిద్దె మీద మావాడి గదిలో అదీ ఉండదు.

2020 లాక్‌డౌన్‌లో మావాడి బెంగళూరు ఆఫీసు మా మిద్దె మీదికే వచ్చింది, దాంతో మూడు డబ్బాల మెష్ సెట్టు ఒకటి కొన్నాం, అంటే సిగ్నల్‌ను ఒకదాన్నుంచి ఒకటి అందుకుని ఇల్లంతా ఒకే వైఫై పరిచే డబ్బాలు. వైఫై 5 అనే పాత రకం. ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టలేదు. ఈమధ్య 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారితే నెట్ వాళ్లు దాని తర్వాతి రకం, వైఫై 6 రౌటర్ ఇచ్చారు. హాల్లో దాని స్పీడు చూసి మురిసిపోయి పాత మూడు డబ్బాలూ పీకి అట్టపెట్టెలో పడేశాం. ఆ సాయంత్రమే పైనుంచి కేక, "నాయనా, మీటింగ్ మధ్యలో కట్ అయిపోతాంది!"

అంగడికి పోయి అడిగితే అక్కడి పిల్లోడు నిమిషంలో తేల్చేశాడు. "పాతవి కొత్తదానితో కలవవు సార్, మళ్లా మూడు పీసుల సెట్టు తీసుకోండి, 14 వేలు." మరి పాతవేం చేయాలబ్బీ అంటే, "గుజిరీకి వేసేయండి సార్" అన్నాడు.

అతను చెప్పింది సగం నిజం. వైఫై అన్ని కంపెనీలకూ ఉమ్మడి భాషే గానీ, మెష్ డబ్బాలు వాటిలో అవి మాట్లాడుకునే భాష ఏ కంపెనీది ఆ కంపెనీదే. 2018లో వైఫై ప్రమాణాలు చూసే కంపెనీల సంఘం వైఫై అలయన్స్ ఈజీమెష్ అని ఒక ఉమ్మడి పద్ధతి తెచ్చింది, అయినా పాత సెట్లు చాలావాటికి అది రాదు. కాబట్టి పాత డబ్బాను కొత్త రౌటర్ మెష్‌లోకి చేర్చలేమన్నది నిజమే. కానీ చేర్చాల్సిన పనేముంది? రెండింటి మధ్య ఒక లాన్ వైరు లాగితే సరిపోతుంది, వైరుకి కంపెనీ పట్టింపు లేదు. పాత సెట్టులోని మెయిన్ డబ్బాకి వైరు అందితే మిగతా రెండూ ఎప్పటిలాగే గాలిలోనే దానితో కలుస్తాయి.

ఇది నాకు చెప్పింది ఇంజనీరింగ్ చదివే మా మేనకోడలు. చెప్పినంత సులువుగా మాత్రం కాలేదు.

మొదట నేనే తొందరపడి కొత్త రౌటర్ నుంచి వైరు తెచ్చి పాత మెయిన్ డబ్బాకి గుచ్చేశాను. నెట్ వచ్చింది. కానీ మిద్దె మీదున్న ప్రింటర్ కింద నా ఫోన్‌కి కనపడదు. ఎందుకంటే పాత డబ్బా ఇంకా తానే రౌటర్ అనుకుంటోంది. కింద కొత్త రౌటర్ ఒక రకం ఐపీ అడ్రసులు (ఒక్కో ఫోన్‌కీ, ప్రింటర్‌కీ ఇచ్చే నంబర్లు) పంచుతుంటే, పైన ఇది ఇంకో రకం పంచుకుంటూ వేరు కాపురం పెట్టింది. దీన్నే డబుల్ నాట్ అంటారట. పాత సెట్టు యాప్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని ఉంటుంది, కొన్నిట్లో 'బ్రిడ్జ్ మోడ్' అంటారు, అది నొక్కితే పాతది పెత్తనం వదిలేసి సిగ్నల్ ఇచ్చే పని మాత్రమే చూసుకుంటుంది. పిల్లల ఫోన్లకు టైము పెట్టడం లాంటివి దీంట్లో పోతాయి, అవి ఇక కొత్త రౌటర్‌లోనే పెట్టుకోవాలి.

ఆ యాప్ తెరవడానికే మాకు ఒక పూట పట్టింది. ఐదేళ్ల కిందటి ఈమెయిల్ అడుగుతుంది, దాని పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? చివరికి డబ్బా అడుగున ఉన్న చిన్న బెజ్జంలో సేఫ్టీ పిన్ను పెట్టి, లైటు రంగు మారేదాకా నొక్కి పట్టి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

ఇక వైరు. పాత వెంటిలేటర్ సందులోంచి మిద్దె మీదికి 20 మీటర్లు లాగాం, క్యాట్ 6 వైరు. (ఈ వైర్లు 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ మోస్తాయి, దూరం గురించి టెన్షన్ అక్కర్లేదు.) అంతా అయ్యాక చూస్తే స్పీడు 94 దగ్గర ఆగిపోయింది, ఎన్నిసార్లు చూసినా 94. నేను పాత డబ్బానే తిట్టుకున్నాను. మేనకోడలు వచ్చి వైరు కొన ప్లగ్గును వెలుతురుకి పట్టి చూసి నవ్వింది. లోపల ఎనిమిది సన్న వైర్లు వరసగా కూర్చోవాలి, నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. మేము ప్లగ్గు బిగించినప్పుడు చివరి గోధుమ రంగు వైరు ముందుదాకా పోనేలేదు. గిగాబిట్‌కి ఆ ఎనిమిదీ తగలాల్సిందేనట, ఈ గోధుమ వైరు తగలకపోతే 100 ఎంబీకి పడిపోతుందట. కత్తిరించి కొత్త ప్లగ్గు వేస్తే మిద్దె మీద 240 వచ్చింది. గాలిలో కలిసే రెండో డబ్బాను వంటింటికి పెట్టాం, అక్కడ వందకి కాస్త పైన. సిగ్నల్ తెచ్చుకోడానికీ ఫోన్‌కి ఇవ్వడానికీ ఒకే బ్యాండ్ వాడుతుంది కాబట్టి సగానికి తగ్గడం మామూలే. మూడోది పంచలో, మా అమ్మ ప్రవచనాలకు. మొత్తం ఖర్చు 900.

ఒక మాట ముందే చెప్తాను, అన్ని పాత సెట్లకూ ఇది కుదరదు. కొన్నిట్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉండదు. కొన్నిట్లో లాన్ పోర్టే 100 ఎంబీది, చిన్న ప్లాన్ ఉన్నవాళ్లకు అదీ చాలు. పైదానికీ కిందదానికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, కానీ ఏ డబ్బాకి అంటుకోవాలో తేల్చుకునేది ఫోనే. మా ఆవిడ ఫోన్ మిద్దె ఎక్కినా హాల్లో దాన్నే జిడ్డులా పట్టుకునేది, విసుగొచ్చి పైదానికి వేరే పేరు పెట్టేశాం. రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి అడ్డు రాకుండా 2.4 గిగాహెర్ట్జ్ ఛానళ్లు కూడా 1, 6, 11లో కిందకొకటి పైకొకటి వేరుగా పెట్టుకోండి. పాతవాటికి కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఉండొచ్చు. ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడేది కొత్త రౌటరే కాబట్టి ప్రమాదం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సౌకర్యం) ఆపేయండి. నేనైతే బ్యాంకు పని హాల్లోనే చేస్తున్నాను.

ఈ ఉత్తరం అసలు ఎవరికంటే, ముందు అంగళ్ల వాళ్లకు. కొనేవాడితో "ఒకసారి వైరు వేసి చూడండి" అనే మాట అనండయ్యా, నమ్మకం కుదిరితే రేపు ఇంకోటి మీ దగ్గరే కొంటాడు. రెండోది కంపెనీలకు. నేను డబ్బులు పెట్టి కొన్న డబ్బాలో ఒక మోడ్ మార్చుకోడానికి మీ అకౌంటు, మీ యాప్ ఎందుకు? 2023 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాల కొత్త నియమాలు అమల్లో ఉన్నాయి, పాత వస్తువుల బాధ్యత తయారీదారులదేనని అవి చెప్తున్నాయి. పాతది ఇంట్లోనే ఇంకో ఐదేళ్లు నడిస్తే ఆ భారం తగ్గేది వాళ్లకే కదా.

ఇక ఇల్లు కడుతున్నవాళ్లకు. గోడలు లేచేటప్పుడే కరెంటు పైపు కాకుండా ప్రతి గదికీ ఇంకో పైపు విడిగా వేయించుకోండి. కరెంటు వైర్లూ లాన్ వైరూ ఒకే పైపులో వేయకూడదు. మా వీధి చివర ఒకాయన మిద్దె వేస్తుంటే పోయి ఈ మాటే చెప్పాను. ఆయన సరేనన్నాడు. పైపులు కోస్తున్న మేస్త్రీ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఖాళీ పైపు దేనికి సార్, ఎలకలు దూరేదానికా?" అన్నాడు. రెండు కొనలకూ మూతలు పెట్టమని చెప్పి వచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప