మద్రాసులో మన జిల్లా ఎక్కడుందో ఒక పేజీ వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో చాలా ఏళ్లు గుమాస్తాగా చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. మొన్న ఆదివారం మీ అనుబంధంలో చెన్నై చూసొద్దాం అంటూ వేసిన పేజీ చదివాను. మెరీనా, కపాలీశ్వరాలయం, వండలూరు జూ, రెండు మాల్స్. ఫొటోలు బాగున్నాయి. కానీ అయ్యా, అది ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు వేయాల్సిన పేజీ. నెల్లూరోళ్లకు మద్రాసు కొత్తా? గుండెకైనా, కంటికైనా, పెళ్లి పట్టుచీరలకైనా అక్కడికే కదా పరిగెత్తేది. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలన్న టెన్షన్‌లో మనం చూసే మద్రాసు ఒక ఆసుపత్రి వరండా, టీనగర్‌లో ఒక వీధి, అంతే. సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల సందుల్లో మన జిల్లాకు సంబంధించిన సంగతులు ఎన్ని ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు.

నాకా సందులు తెలిసింది నిమ్మకాయల పుణ్యాన. కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకు మారకముందు జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడిలో ఉండేది. ఆ స్థలం కన్యకాపరమేశ్వరి దేవస్థానానిది. రాత్రి లోడుతో బయల్దేరి డ్రైవరు పక్కన నిద్రపోతూ పోతే తెల్లారేసరికి అక్కడ దిగేవాళ్లం. లారీ లోపలికి పోయేది కాదు, అంత ఇరుకు. బస్తాలు హమాలీల తలల మీద, చేతిబండ్ల మీద పోవాలి. కాళ్లకింద కొత్తిమీర కాడలు, నలిగిన టమోటాలు, మోకాలి దాకా చిమ్మే బురద. సరుకు దిగాక లెక్క తేలి పట్టీ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటిదాకా ఏం చేయాలి? కమిషన్ కొట్లో కునుకు తీసేవాళ్లు తీసేవాళ్లు, నేను వీధుల వెంట పడేవాణ్ణి.

చావడికి దగ్గరలోనే అణ్ణాపిళ్లై వీధి. మన జిల్లాకు 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు. ఇప్పుడు రేషన్ కార్డు నుంచి కరెంటు బిల్లు దాకా ఆ పేరు లేని కాగితం లేదు. కానీ ఆయన 1901 మార్చి 16న పుట్టింది నెల్లూరులో కాదు, ఆ అణ్ణాపిళ్లై వీధిలో. పెద్దల ఊరు కనిగిరి వైపు పడమటిపల్లె. ఆ వీధిలో ఇప్పుడు హోల్‌సేల్ కొట్లు, బండ్లు, అరుపులు. ఫలానా ఇల్లు అని ఎవరినైనా అడిగితే మొహం చిట్లించి, దారి వదలమంటారు. వాళ్లను అనడానికి లేదు. మనకే పట్టనిది వాళ్లకెందుకు పడుతుంది?

ఆయన నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. ఆ గుడి మనకు తెలుసు, బ్రహ్మోత్సవాలకు పోతాం. ఆరేళ్ల తర్వాత, 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో మళ్లీ దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ఆ ఇంట్లోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాయపేట హైరోడ్డులో ఉన్న ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. కపాలీశ్వరాలయం నుంచి నడిచిపోయేంత దూరం. మనవాళ్లు గుడికి పోతారు, మాడవీధిలో పూలు కొంటారు, కాఫీ తాగుతారు, ఆటో ఎక్కి వచ్చేస్తారు. పోయినేడు మా మనవడి బడివాళ్లు పిల్లల్ని మద్రాసు టూరుకు తీసుకుపోయారు. జూ, బీచ్, ఒక థీమ్ పార్కు. మైలాపూరు ఇంటికి ఎందుకు పోలేదని మాస్టారిని అడిగితే, "అది ప్యాకేజీలో లేదండీ" అన్నాడు. ప్రశ్నపత్రంలో మాత్రం ఏటా ఉంటుంది.

ప్రకాశం జిల్లావాళ్ల సంగతీ అంతే. ఒంగోలు నుంచి వచ్చి బ్రాడ్వేలో కళ్లజోళ్లు, పెళ్లిపత్రికలు బేరమాడేవాళ్లలో ఎంతమంది అక్కడి వీధి పేరు బోర్డు తలెత్తి చూస్తారు? బ్రాడ్వే పేరు ఇప్పుడు ప్రకాశం సాలై, అంటే ప్రకాశం రోడ్డు. మన టంగుటూరి ప్రకాశం పంతులు గారే. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌ను వెళ్లిపొమ్మంటూ జరిగిన నిరసనలో పోలీసు తుపాకుల ముందు ఆయన రొమ్ము చూపింది ఆ పక్కనే, హైకోర్టు వైపు. ఆ కథ మనకు బళ్లో చెప్పారు. ఎక్కడ జరిగిందో మటుకు చెప్పలేదు.

హైకోర్టంటే గుర్తొచ్చింది. ఆ చోట ఒకప్పుడు చెన్నకేశవస్వామి గుడి ఉండేది. సెయింట్ జార్జి కోట ముందు మైదానం ఖాళీగా ఉండాలని కంపెనీవాళ్లు 1750ల్లో దాన్ని కూలగొట్టారు. బదులుగా కట్టిన చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర జంట ఆలయాలు పూలబజారు పక్కన, దేవరాజ ముదలి వీధిలో ఉన్నాయి. బయట మల్లెపూల గంపలు దాటుకుని లోపలికి అడుగుపెడితే ఒక్కసారిగా చల్లగా ఉంటుంది.

ఆ కోట కట్టిన ఫ్రాన్సిస్ డే మద్రాసుకు ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా? మన ఉమ్మడి జిల్లా దుగరాజపట్నం నుంచి. ఇంగ్లిషువాళ్లు ఆర్మగాన్ అని రాసుకున్న ఊరది. 1620ల నుంచి అక్కడ వాళ్ల గిడ్డంగి ఉండేది. వ్యాపారం సరిగ్గా సాగక 1639లో దక్షిణానికి దిగి మద్రాసపట్నం తీరం పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాది సామాను సర్దుకుని తరలిపోయారు. అంత పెద్ద నగరం మన పులికాట్ ఒడ్డున వదిలేసిన వ్యాపారం నుంచి పుట్టింది. కోట చూసేవాళ్లకు ఈ ముక్క చెప్పే గైడు నాకింతవరకు తగల్లేదు.

ఇక అందరూ తప్పకుండా చూడాల్సిన చోటు ఒకటుంది. మన జిల్లాకు దానికి ఏ సంబంధమూ లేదు, అయినా చెప్పాలి. ఆర్మేనియన్ వీధిలో ఆర్మేనియన్ చర్చి. 1772 నాటిది. రోడ్డు మీద ఇనుప సామాన్ల గోల, హారన్లు. పెద్ద చెక్కతలుపు దాటగానే ఆ శబ్దమంతా వెనకబడిపోతుంది. ఆవరణలో నేలంతా సమాధి రాళ్లు, వాటి మీద మనకు కొరుకుడుపడని లిపి. ఎక్కడ కాలు పెట్టినా ఎవరో ఒకరి మీద పెట్టినట్టే, చెప్పులు విడిచి నడవాలనిపిస్తుంది. దేవగన్నేరు చెట్లు. గంటల గోపురంలో ఆరు గంటలు. ఒక రాతి కింద ష్మావోనియన్ అనే ఫాదరీ ఉన్నాడు. ప్రపంచంలోనే తొలి ఆర్మేనియన్ పత్రికను ఆయన 1794లో మద్రాసులో అచ్చువేశాడు. పత్రికలవాళ్లు కాబట్టి మీకైనా ఆసక్తి ఉంటుందని రాస్తున్నా. తెలుగు అచ్చుకూ ఆ టౌనే ఆధారం. వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టారు. మా నాయన సాయంత్రాలు అరుగు మీద చదివి వినిపించిన భారతం వావిళ్లవారిదే, ఎర్ర అట్ట.

మద్రాసు రైలు బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోవడం అందరికీ అనుభవమే. సంచులు భుజానేసుకుని తలుపు దగ్గర నిలబడి తిట్టుకుంటాం. ఆ కాసేపు కిటికీలోంచి కిందికి చూస్తే నల్లటి నీళ్లు, ముక్కు మూసుకోవాలి. అది మన బకింగ్‌హామ్ కాలువే! పెదగంజాం నుంచి మన సముద్రపు ఒడ్డంతా తోడుగా వచ్చి, మద్రాసు దాటి మరక్కాణం దాకా పోతుంది. మద్రాసు వైపు 1806లోనే తవ్వకం మొదలైనా, నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ముక్కను 1876-78 నాటి ధాత కరువులో పనికి వచ్చిన కూలీల చేత తవ్వించారు. మా తాత తమ్ముడు సరుగుడు కట్టెల పడవతో రోజుల తరబడి ఆ కాలువలో ప్రయాణం చేసి అక్కడ దించి వచ్చేవాడట. ఇప్పుడు పడవ కాదు గదా, కాగితం వదిలినా కదిలేట్టు లేదు. ఈ కాలువ గురించి మద్రాసు పత్రికలు రాసినంత కూడా మనం రాయడం లేదు.

బీచ్ వైపు పోయే లోకల్ ఎక్కితే రాయపురం స్టేషన్ వస్తుంది. దక్షిణాదిలో 1856లో మొదటి రైలు బయల్దేరింది అక్కడి నుంచే. ఎర్రటి గోడలు, తెల్లటి స్తంభాలు, దిగేవాళ్లు చాలా తక్కువ. అక్కడికి దగ్గరే పాతజైలు రోడ్డులో మాడి పూంగా అనే చిన్న పార్కు ఉంది. 18వ శతాబ్దంలో టౌను చుట్టూ కట్టిన గోడ ముక్క అక్కడ మిగిలింది. సెంట్రల్ పక్క వాల్‌టాక్స్ రోడ్డు ఆ గోడ ఖర్చుకు పన్ను వేద్దామనుకున్నప్పటిది. ఇంకో మాట, త్యాగరాజస్వామి కోవూరు పంచరత్నాలు మన కోవూరు మీదివని మా ఊళ్లో ఒకాయన పందెం కాసి ఓడిపోయాడు. ఆ కోవూరు మద్రాసు శివార్లలో ఉంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆసుపత్రిలో రక్తం ఇచ్చాక రిపోర్టు సాయంత్రం అంటారు. ఆ నాలుగైదు గంటలు పేషెంటు తాలూకు వాళ్లు కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంటారు. అలాంటివాళ్లు చింపి జేబులో పెట్టుకునేట్టు ఈ చోట్లన్నీ మ్యాపుతో సహా ఒక పేజీ వేయండి. ఏ స్టేషన్‌లో దిగాలి, ఎంతసేపు నడవాలి, ఎప్పుడు మూస్తారు, అవి చాలు. బళ్ల టూర్లలో మైలాపూరు ఇల్లు తప్పనిసరి చేయమని రెండు జిల్లాల విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నా. నెల్లూరు స్టేషన్‌లో మద్రాసు రైళ్లు ఆగే ప్లాట్‌ఫారం మీద శ్రీరాములు గారి ఇంటి అడ్రసుతో ఒక బోర్డు పెట్టడానికి రైల్వేవాళ్లకు ఎంత ఖర్చవుతుంది?

మన బస్సులు ఇప్పుడు మాధవరంలోనే ఆగిపోతాయి కాబట్టి టౌనుకు పోవాలంటే రైలే సుఖం. ఆర్మేనియన్ చర్చికి పొద్దుటి పూటే పోవాలి. మామూలు రోజుల్లో ఆ వీధిలో బండ్ల మధ్య అడుగు పడదు, ఆదివారమైతే కొట్లు మూసి ఉంటాయి.

ఇట్లు,
ఒక పాత మార్కెట్ గుమాస్తా,
పొదలకూరు, నెల్లూరు జిల్లా