ఆదరణ నిధి: వచ్చింది ఎంత, ఎక్కడికి వెళ్లింది

సంఘ కుటుంబానికి ప్రభువు నామంలో వందనాలు. కష్టంలో ఉన్న కుటుంబాలకి సాయం చేసే ఈ నిధికి ఇచ్చినవాళ్లకి, ఇవ్వలేకపోయినా ప్రార్థన చేసినవాళ్లకి లెక్క చెప్పాల్సిన బాధ్యత కమిటీ మీద ఉంది. అడిగితే చెబుదాంలే అని కూర్చోవడం మాకు ఇష్టం లేదు. యేసు శిష్యుల్లో డబ్బు సంచి మోసినవాడే అందులోంచి తీసుకునేవాడని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఉంది, అందుకే భక్తి ఉన్నచోట లెక్క అక్కర్లేదనే మాటను మేము ఒప్పుకోం. యెరూషలేములోని పేదల కోసం చందా పోగు చేసినప్పుడు పౌలు కూడా దాన్ని ఒక్కడే పట్టుకెళ్లలేదు. తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలన్నది ఆయన పట్టుదల (2 కొరింథీ 8). మా దగ్గర కూడా ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వస్తుంది, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

జమ విషయానికి వస్తే, వచ్చిన మొత్తాన్ని వంద అనుకుంటే 61 ఆదివారం కానుకల పెట్టెలో వేసినవి, 27 నేరుగా బ్యాంకు ఖాతాకి వచ్చినవి, మిగతా 12 కృతజ్ఞతా కానుకలు. పెట్టెలో పడినవాటిలో చాలావరకు చిన్న మొత్తాలే. ఉద్యోగం పోయినవాళ్లు కూడా వేశారని మాకు తెలుసు. పేద విధవరాలు తనకున్నదంతా అని వేసిన రెండు కాసుల్ని యేసు ఎందుకు ప్రత్యేకంగా చూపించాడో ఆ పెట్టె తెరిచిన ప్రతిసారీ అర్థమవుతూనే ఉంది.

ఇక ఖర్చు. ఆ వందలో 38 మందులకి, ఆస్పత్రి బిల్లులకి పోయింది. ఇంత అవుతుందని మొదట ఎవరూ అనుకోలేదు, కానీ జబ్బు మనిషి ఇంట్లో సంపాదించే ఇంకొకరు కూడా పని మానేసి పక్కనే కూర్చోవాల్సి వస్తుంది, అప్పు అక్కడే మొదలవుతుంది, అందుకే అడిగినవాళ్లలో ముందు వీళ్లనే చూశాం. ఇంటి అద్దెలకి 21, సరుకులకి 14, పిల్లల ఫీజులకి 8, ప్రయాణాలకి, బ్యాంకు చార్జీలకి కలిపి 3. కమిటీ సభ్యులెవరూ భత్యం తీసుకోలేదు.

సాయం అందుకున్నవాళ్ల పేర్లు ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. పెట్టం. కష్టంలో ఉన్న మనిషి పరువు కూడా మన చేతిలో పెట్టిన కానుకే. ఎవరికి ఎంత వెళ్లిందన్నది రసీదులతో సహా పుస్తకంలో ఉంది, సంఘం ఎన్నుకున్న ఇద్దరు దాన్ని చూసి సంతకం చేశారు, అది చాలు.

మన సంఘం కానివాళ్లకి, అసలు మన విశ్వాసమే లేనివాళ్లకి ఎందుకిచ్చారన్న ప్రశ్న కూడా వచ్చింది. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిని దారిలో పడి ఉన్న పరాయి మనిషిని నీది ఏ సంఘమని అడగలేదు కదా! పైగా ఆయన పూటకూళ్లవానికి రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి ఊరుకోలేదు, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. మాకు ఆ రెండో మాటే ఎక్కువ పట్టుకుంది. ఒక్కసారి సరుకుల సంచి ఇచ్చి ఫొటో తీసుకుంటే ఆ ఇంటి టెన్షన్ తీరదు, వచ్చే నెల కూడా ఎవరో ఒకరు తలుపు తడతారన్న ధైర్యం కావాలి. నిరీక్షణ గురించి వాక్యం చెప్పడానికి వెళ్లినప్పుడు మందుల చీటీ కూడా చూడమని మన వాలంటీర్లకి చెప్పింది అందుకే. ప్రార్థనా చేశారు, చీటీ పట్టుకుని మందుల షాపుకీ వెళ్లారు. కొన్ని ఇళ్లలో ప్రార్థన వద్దన్నారు, అక్కడ మందులు మాత్రం ఇచ్చి వచ్చారు. అదీ పరిచర్యే అని మా నమ్మకం.

మిగిలింది 16. పంచేయకుండా ఎందుకు దాచారంటే, చికిత్స మధ్యలో ఉన్న కుటుంబాలకి మాట ఇచ్చాం, ఆ డబ్బు వాళ్లది. కొత్తగా వచ్చిన అర్జీలకి మాత్రం ఇది చాలదు, అందులో ఎక్కువ అద్దె బాకీలే. ఇవ్వగలిగినవాళ్లు అద్దె కోసమని రాసి కానుక పెట్టెలో వేయండి, ఆ డబ్బు వేరే దేనికీ వాడం. లెక్కల పుస్తకం ఆదివారం ఆరాధన తర్వాత బల్ల మీద ఉంటుంది, ఎవరైనా తిరగేసి చూడొచ్చు.