శనివారం సెషన్‌కి ముందు

అమ్మలూ,

ఫోన్‌లో చెబుదామంటే మీ నాన్నగారు పక్కనే కూర్చుని టీవీ సౌండు తగ్గించేస్తారు. వాట్సాప్‌లో టైపు చేద్దామంటే నా వేళ్ళకి రెండు లైన్లు దాటేసరికి విసుగొస్తుంది. అందుకని కాగితం మీద రాసి, ఫొటోలు తీసి పంపిస్తున్నాను. చదివాక ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం.

నువ్వు ముఖ్యంగా అడిగింది ఇదే కదా: "వీడియోలో ఎవరితోనో మాట్లాడితే తాగుడు తగ్గుతుందా అమ్మా, లేక డబ్బులు దండగా?" తగ్గుతుంది. కాకపోతే రెండు సంగతులు చూసుకోవాలి. అవతల కూర్చున్న మనిషి చదువుకున్న మనిషేనా? నీ ఒళ్ళు ఇంకా మాటలతో సరిపోయే స్థితిలోనే ఉందా? ముందు రెండోది చెబుతాను, నాకు దాని గురించే టెన్షన్.

"శని ఆదివారాలు కలిపి నాలుగు బీర్లే" అన్నావు. ఆ "నాలుగే" దగ్గర ఆగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాలు. 30 ఎం.ఎల్. విస్కీలో, అంటే ఒక పెగ్గులో సుమారు అంత ఉంటుంది. 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు 8 శాతంది అయితే ఒక్క సీసాలోనే 40 గ్రాములు దాటుతుంది. అంటే సీసాకి నాలుగు పెగ్గులు, నాలుగు సీసాలకి పదహారు. 180 ఎం.ఎల్. క్వార్టర్ సీసాలో ఉండేది ఆరు పెగ్గులే. కాలవ గట్టు మీద క్వార్టర్ తాగి పడిపోయేవాళ్ళని చిన్నప్పుడు వింతగా చూసేదానివి. నీ వారాంతం రెండున్నర క్వార్టర్లు దాటుతోంది తల్లీ. పైగా ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి, మగవాడితో సమానంగా తాగినా మన రక్తంలో ఆల్కహాలు ఎక్కువ చేరుతుంది. మీ ఫ్రెండ్స్‌లో మగపిల్లలతో పోల్చుకుని నేనూ అంతే కదా అనుకోవద్దు.

థెరపిస్టు మొదట్లోనే నీ చేత ఆడిట్ అనే ప్రశ్నపత్రం నింపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిందే, పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 వచ్చిందంటే జాగ్రత్త పడాలి, 20 వచ్చిందంటే ఒళ్ళు దానికి బానిస అయిందేమో డాక్టరు చూడాలి. ఎంత తక్కువ వస్తే అంత మంచిది కదా అని తగ్గించి రాసేవు. చిన్నప్పటి నుంచి నీకు మార్కుల పిచ్చి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. వారం మధ్యలో కూడా, అమెరికా వాళ్ళ కాల్ అయ్యాక ఒక్కదానివే కూర్చుని తాగుతున్నానన్నావు. అది రోజూ అయిందా? పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా? తాగకపోతే చెమటలు పట్టి నిద్ర రావట్లేదా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, ఉన్నపళంగా మానేయొద్దు. ముందు డాక్టరుకి కనిపించు.

నేను వార్డులో చూసిన మనిషి సంగతి చెబుతాను. కొబ్బరి దింపు తీసే ఆయన, చెట్టు మీంచి పడి కాలు విరిగి చేరాడు. తాగుడు సంగతి ఇంట్లోవాళ్ళు దాచారు. చేరిన మూడో రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఉన్నట్టుండి మంచం మీద లేచి కూర్చుని, ఒక చేత్తో సెలైన్ స్టాండు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లోకి చాచి కాయలు కోస్తున్నాడు. ఒక్కో కాయ కోసినప్పుడల్లా కిందకి చూసి "తప్పుకోండెహె" అని కేకేస్తున్నాడు. పక్క మంచం పేషెంటు నిజంగానే తల పక్కకి తిప్పుకున్నాడు. దుప్పటి పిండితే నీళ్ళు కారేంత చెమట. డాక్టరుగారొచ్చి మత్తు ఇంజెక్షనూ బి1 విటమినూ ఇప్పించారు. కోలుకున్నాక ఆయనకి అవేవీ గుర్తులేవు.

రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఇలాగే ఉంటుంది. ఆపిన ఆరేడు గంటల నుంచే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి ఈ మతి తప్పటం. ప్రాణాలు కూడా పోతాయి. నీకు అంతదాకా వచ్చి ఉండదనే నా నమ్మకం. అయినా వీడియోలో ఎదుటి మనిషికి నీ నాడి, బీపీ తెలియవు. అందుకని ఒకసారి ఫిజీషియన్‌కి చూపించుకుని, కాలేయం రక్తపరీక్షలు చేయించుకుని, ఆ రిపోర్టులతో శనివారం కూర్చో.

ఇక ఆ మనిషి గురించి. యాప్‌లో నవ్వుతున్న ఫొటో, ఐదు నక్షత్రాలు చూసి డబ్బు కట్టేయకు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబరు అడుగు. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ నంబరు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద చూపించాల్సిందే. అడిగితే ఎవరైనా చిరాకు పడ్డారంటే, వాళ్ళ దగ్గర లేదన్నమాట. తాగుడు కేసులు చూసిన అనుభవం ఉందా అని కూడా అడుగు. పెళ్ళి గొడవల కౌన్సెలింగ్ వేరు, ఇది వేరు.

మంచి థెరపిస్టు నువ్వు ఏ ఊళ్ళో, ఏ అడ్రసులో కూర్చుని మాట్లాడుతున్నావో రాసుకుంటారు. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలని అడుగుతారు. అక్కడ నా నంబరు ఇవ్వు. అర్ధరాత్రయినా ఎత్తుతాను, నైట్ డ్యూటీలు చేసిన ప్రాణం.

లోపల ఏం జరుగుతుందని నీకు భయం కదా, ఎవరూ తిట్టరు. తాగుడు తగ్గించుకోవటం నీకు ఎంత ముఖ్యమో సున్నా నుంచి పదిలోపు చెప్పమంటారు. నువ్వు ఐదు అన్నావనుకో, "ఐదేనా?" అనరు, "రెండు ఎందుకు అనలేదు?" అంటారు. దానికి జవాబు చెప్పటంలో, మానటానికి నీకున్న కారణాలు నీ నోటి నుంచే వస్తాయి. తర్వాత సీబీటీ అంటారు, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవటం నేర్పే మాటల వైద్యం, అందులో పుస్తకం పెట్టి రాయిస్తారు. ఎన్ని గంటలకి తాగాలనిపించింది, పక్కన ఎవరున్నారు, అప్పుడు మనసులో ఏముంది, ఎంత తాగావు అని. నీ మాటల్ని బట్టి నేనే చెప్పగలను: పదకొండింటికి కాల్ అయిపోతుంది, మేనేజరు అన్న ఏదో ఒక మాట చెవిలో తిరుగుతూ ఉంటుంది, రూమ్మేట్స్ పడుకుని ఉంటారు, ఫ్రిజ్ నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఆ నాలుగడుగుల దగ్గరే పని. తాగాలన్న యావ పెరిగి పెరిగి మామూలుగా అరగంటలో దానంతటదే దిగుతుంది. ఆ అరగంట ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉంచుకోవటం నేర్పుతారు. ఒకవేళ మధ్యలో ఒకరోజు తాగేశావే అనుకో, సిగ్గుపడి ఆ వారం సెషన్ ఎగ్గొట్టకు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోవటానికే ఆ సెషన్.

మనిషి అవసరం లేదు, యాప్ చాలు అంటున్నావు. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2017లో 57 పరిశోధనలు కలిపి చూసింది. కంప్యూటర్లోనో ఫోన్లోనో వివరాలు నింపి, దానికి తగ్గ సలహాలు అందుకున్నవాళ్ళు, అవి లేనివాళ్ళ కంటే వారానికి దాదాపు 23 గ్రాములు తక్కువ తాగారట. రెండు పెగ్గుల పైచిలుకు. ఏమీ లేనిదానికన్నా నయమే. నీ పదహారు పెగ్గులకి మాత్రం అది చాలదని నా అభిప్రాయం. యాప్ లెక్కలు రాసుకోవటానికి వాడుకో, మాటలు మనిషితో మాట్లాడు. అవసరమైతే యావ తగ్గటానికి నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి, అవి సైకియాట్రిస్టు చూసి రాయాలి.

మందులంటే గుర్తొచ్చింది. మీ అత్తయ్యకో పిన్నికో ఈ సంగతి తెలిసిందంటే ముందు అనే మాట "పెళ్ళి చేసేయండి, అదే మానేస్తుంది". రెండోది పప్పులో కలిపే బిళ్ళ. ఆ బిళ్ళ డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదకి వస్తుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకోవాల్సిన మందుని మొగుడికి తెలియకుండా సాంబారులో వేసే ఇల్లాళ్ళు ఉన్నారు మన చుట్టుపక్కల. వాళ్ళ కష్టం నాకు తెలుసు, అయినా అది ప్రాణంతో చెలగాటం.

అసలు మన వైపు ఈ విషయంలో న్యాయం ఉందా చెప్పు. సంక్రాంతికి మీ బాబాయిలు, బావలు భోగి నుంచి కనుమ దాకా కోడిపందేల బరి దగ్గరే ఉంటారు. తోటలో సీసాలు దొర్లుతుంటాయి. "పండగ కదా" అని అందరూ నవ్వుతారు. ఆడపిల్ల గ్లాసు పట్టుకుందంటే తీర్థానికి మోసుకెళ్ళే ప్రభ కాలవలో ఒరిగినంత గోల. నువ్వు తాగొచ్చని నేననటం లేదు. ఈ గోల వల్లే ఆడపిల్లలు గది తలుపేసుకుని తాగుతారు, ఆసుపత్రికి రారు. అమలాపురంలో మానసిక వైద్యుడి మెట్లెక్కితే, ఇంటికొచ్చేలోపు ఆ కబురు మన వీధికి చేరుతుంది. నీకు ఈ వీడియో మంచిదని నేననేది అందుకే.

బంద్ చేస్తే పోతుందనుకున్న రోజులూ చూశాను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో మన గోదావరి జిల్లాల వాళ్ళకి యానాం ఉండనే ఉంది, అది పుదుచ్చేరి కిందది కాబట్టి ఈ చట్టం అక్కడ లేదు. నీ ఫ్రిజ్‌కి తాళం వేసినా అంతే, ఆర్డర్ పెట్టటానికి వేరే దారి వెతుక్కుంటావు.

ఆఫీసుకి తెలుస్తుందేమోనని కూడా అడిగావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నీ వైద్యం వివరాలు రహస్యంగా ఉండే హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు తప్ప నీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. కాకపోతే ఆఫీసు లాప్‌టాప్‌లో కూర్చోకు, సొంత ఫోన్ వాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. తాగి మాత్రం కూర్చోవద్దు.

ఫీజుకి డబ్బులు వేశాను, తిరిగి పంపకు. వారం మధ్యలో రాత్రిపూట మరీ కష్టంగా ఉంటే 14416కి చెయ్యి. అది టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోన్ లైను, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానటానికే అయితే 14446 ఉంది. చచ్చిపోవాలనిపించినా, ఫిట్స్ వచ్చినా వీడియో కోసం చూడకుండా దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్ళు.

మీ నాన్నగారికి నేను చెప్పలేదు. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది నీ చేతిలో ఉంది. కోప్పడతారని నీ భయం. ఆయన కోప్పడరు, అన్నం మానేస్తారు. దాని సంగతి నేను చూసుకుంటాను. సెషన్‌లో ఏం మాట్లాడావని నేనూ అడగను. వెళ్ళావా లేదా అని మాత్రం ఆదివారం అడుగుతాను, అంతకన్నా ఊరుకోవటం నా వల్ల కాదు.

పండక్కి పాలకొల్లులో రైలు దిగగానే ఫోన్ చెయ్యి, చించినాడ వంతెన మీదుగా కారు పంపిస్తాను. ఇంట్లో ఉన్న వారం కూడా సెషన్ ఆపొద్దు. మేడ మీద గది నీకే. అక్కడికి వైఫై సరిగ్గా అందట్లేదని కేబుల్ అబ్బాయికి చెప్పాను, ఇంకో డబ్బా బిగిస్తానన్నాడు.

అమ్మ