టవర్‌లో డీజిల్ అయిపోతే ఏఐ ఏం చేస్తుంది సార్?

ఎడిటర్ గారికి నమస్తే,

ఫోన్ నెట్‌వర్క్‌లని ఇక మనుషులతో పనిలేకుండా ఏఐనే చూసుకుంటుందని ఒకటే వార్తలు. నిజానికి ఇది కొత్తదేం కాదు, 4జీ రూల్స్ రాసినప్పుడే, 2008లో 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ) రిలీజ్ 8లోనే ఈ సెల్ఫ్ ఆర్గనైజింగ్, అంటే నెట్‌వర్క్ తనని తానే సర్దుకునే సంగతి పెట్టారు. మా తమ్ముడు హైదరాబాద్‌లో నాక్‌లో, అంటే టవర్లన్నిటినీ గమనించే కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులు చేసేవాడు, ఒకప్పుడు ఏ టవర్ పక్కన ఏ టవరో ఎక్సెల్ షీట్లో చేత్తో కొట్టేవాళ్ళంట, ఒక్కటి మర్చిపోయినా, బస్సులో మాట్లాడుతూ ఆ టవర్ వైపు వెళ్తే కాల్ కట్. ఇప్పుడు మన ఫోనే పక్క టవర్ సిగ్నల్‌లో ఉండే గుర్తింపు నంబర్ చదివి నెట్‌వర్క్‌కి చెప్పేస్తుంది, లిస్టు దానంతటదే తయారవుతుంది. మంచిదే, కాదనట్లేదు.

కానీ మాది పాడేరు వైపు కొండల్లో ఊరు. మొన్న గాలివానకి కరెంటు పోయింది, సాయంత్రానికి టవర్ బ్యాటరీలు అయిపోయాయి, జనరేటర్‌లో డీజిల్ లేదు, మూడ్రోజులు సిగ్నల్ లేదు. ఒక టవర్ ఆగిపోతే పక్క టవర్ యాంటెన్నా వంపు మార్చుకుని కవర్ చేస్తుందంట, మరి మధ్యలో కొండ ఉంటే ఎలా చేస్తుంది? రేషన్ డీలర్ వేలిముద్ర మిషన్ పట్టుకుని చింతచెట్టు కిందకోసారి, స్కూల్ మేడ మీదకోసారి తిరిగాడు, వెనకాల సంచులతో ముసలాళ్ళు. చివరికి రేపు రమ్మన్నాడు. నేను సంతకెళ్ళినప్పుడు అక్కడ సిగ్నల్ దొరికితే కంప్లైంట్ పెట్టా, బాట్ సారీ చెప్పింది, గంటకల్లా "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ కూడా వచ్చేసింది!! డీజిల్ క్యాన్ మోసుకెళ్ళే మనిషి మాత్రం నాలుగో రోజు పొద్దున వచ్చాడు, పాపం ఆయనొక్కడికే బోలెడు టవర్లంట.

టెలికాం కంపెనీలని నియంత్రించే ట్రాయ్ 2024లో తెచ్చిన రూల్స్ ప్రకారం 24 గంటలు దాటి సర్వీస్ ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్ళకి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్‌కి వ్యాలిడిటీ పెంచాలి. బానే ఉంది, కాకపోతే లెక్క జిల్లా స్థాయిలో. మా ఒక్క టవర్ మూడ్రోజులు చచ్చినా జిల్లా లెక్కలో అది కనపడదు. కంపెనీలు వెబ్‌సైట్‌లో కవరేజ్ మ్యాప్ పెట్టాలని కూడా అదే రూల్స్‌లో ఉంది కదా, ఆ మ్యాప్ మీదే ఏ టవర్ ఎన్ని గంటలు ఆగిందో కూడా చూపించమనండి. ఆ లెక్క తీయడానికి కొత్తగా మనుషులు అక్కర్లేదు, టవర్ ఆగిపోగానే నాక్‌లో అలారం మోగుతుంది, టైముతో సహా. వ్యాలిడిటీ కూడా ఆ గంటల్ని బట్టే, మేం అడక్కుండానే పెంచాలి.

- ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా