ఎముకకే బిగించే కాలు మనవాళ్లకూ అందాలి

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు ప్రమాదంలో మా తమ్ముడి కాలు మోకాలి పైదాకా పోయింది. చెన్నై ఉక్కపోతకు పెట్టుడు కాలి సాకెట్‌లో (మిగిలిన తొడకు తొడిగే గిన్నెలాంటి భాగం) చెమట పట్టి, మధ్యాహ్నానికే తొడ ఒరుసుకుపోతుంది. రాత్రి విప్పితే లోపలి తొడుగు తడిసి ముద్దయి, చర్మం ఎర్రగా పొక్కి ఉంటుంది. చూడలేను.

సాకెట్ లేకుండా ఎముకలోకి టైటానియం కడ్డీ దించి, కొస చర్మం బయటికి తెచ్చి, దానికే కాలు తగిలించే పద్ధతి స్వీడన్‌లో 1990లోనే మొదలైంది. టైటానియంతో ఎముక అతుక్కుపోతుందని 1950లలో అక్కడే బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు గమనించారు. పళ్ల ఇంప్లాంట్లు వచ్చిందీ ఆ దారినే. కడ్డీ బయటికొచ్చే చోట ఇన్ఫెక్షన్ భయం ఉంది, రోజూ శుభ్రం చేసుకోవాలి, నిజమే. అయినా సాకెట్ పడక ఇంట్లోనే కూర్చున్నవాళ్లకు ఇంకో దారి ఉండాలి కదా! ఈ ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేదలకు ఖర్చు లేకుండా అందేలా చూడాలని తమిళనాడు ఆరోగ్య శాఖను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై